చెత్తబండి మీద మేనత్త పాట

పోయిన ఆదివారం పొద్దున నేనింకా పళ్లు కూడా తోముకోలేదు, పై వాటాలో కొత్తగా దిగిన బ్యాంకు ఉద్యోగి చెత్త బకెట్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. కోస్తా వైపు అబ్బాయి. బదిలీ మీద సూరత్ వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. "మేడం గారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట. ఆ చెత్తబండి తెలుగులో ఎవరినో శపిస్తోందండీ," అన్నాడు. మొదట్లో తన చెవులదే తప్పు అనుకున్నాడట. ఈ ఊళ్లో చెత్తబండికి తెలుగు ఎందుకొస్తుందని సర్దుకున్నాడట. ఇవాళ పట్టుదలగా బండి వెనకే వీధి చివరిదాకా నడిచి మొత్తం విన్నాడు. "ఎవరి ఇంట్లోనో గాలి ఆడకూడదంటోందండీ. ఎవరో తలుపు కొడితే తాళంచెవి దొరకకూడదంటోంది. జనం నవ్వుతూ చెత్త వేసి వెళ్లిపోతున్నారు." నేను నవ్వు ఆపుకుని కుర్చీ చూపించాను. వంటింట్లోంచి మా మేనత్త కేకేసింది. "ఎవలే పొద్దుపొద్దుగాల?" నీ పాట గురించి అడుగుతున్నారని చెప్పాను. "మంచిగున్నదా అని అడుగు," అంది. పాపం ఆ అబ్బాయి బకెట్ కింద పెట్టి బుద్ధిగా తల ఊపాడు. టీ తాగినంతసేపట్లో ఎంత చెప్పగలనో అంత చెప్పి పంపాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నాకు పశ్చాత్తాపం ఏమీ లేదని ముందే చెప్పడం మంచిది.

మా మేనత్త అంటే మా నాన్నకు చెల్లెలు. కరీంనగర్ వైపు నుంచి పెళ్లయిన కొత్తలో మామతో కలిసి సూరత్‌లోని గోడాదరాకు వచ్చింది. మరమగ్గాలను మా వాళ్లు సాంచలంటారు. మామ బతుకంతా ఆ సాంచల మధ్యనే గడిచింది. అవి నడుస్తున్న షెడ్డులో పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటారు, చేతి సైగతో నూలు తెగిందంటారు, కనుబొమలతో టీ తాగుదామా అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి మామకు చెవులు సగం పోయాయి. ఆయనకు వినపడాలని గట్టిగా మాట్లాడీ మాట్లాడీ అత్తమ్మ గొంతు ఎంత పెరిగిందంటే, ఆమె ఇంట్లో ఉప్పు అయిపోయిందంటే పక్క వీధి కిరాణా వాడికి తెలిసిపోయేది. పాట కూడా అంతే. చీరలకు అంచు లేసు కుడుతూ ఆమె పాడుతుంటే, వాకిట్లో మంచం మీద మామ కళ్లు మూసుకుని వినేవాడు. లోకంలో ఆయనకు పూర్తిగా వినపడేది ఆ ఒక్క గొంతే. రేడియో పెట్టినా, టీవీ పెట్టినా "ఏదో గులుగుతున్నరు" అని విసుక్కునేవాడు. గులగడం, అంటే గొణగడం, మా ఇంట్లో అందరం చేసే పనే, ఒక్క అత్తమ్మ తప్ప.

నేను ఈ ఊళ్లోనే పుట్టి, గుజరాతీ బడిలో చదివి, చివరికి ఆ గుజరాతీనే బడిలో చెప్పే పంతులమ్మనయ్యాను. మా అత్తమ్మకు ఈ ఉద్యోగం ఎప్పటికీ మింగుడు పడలేదు. "గుజరాతోళ్లకు గుజరాతీ నేర్పే కొలువేందే? ఆళ్లకు రాదా?" అని ఎన్నిసార్లు అడిగిందో. వ్యాకరణం, వ్యాసం అని నేను వివరించబోతే, "నోరున్నోళ్లకు అన్నీ వస్తయి" అని కొట్టిపారేసేది. ఎప్పటికైనా మా అత్తమ్మకు పనికొస్తుందని తెలియక నేను కూడా కొన్నాళ్లు ఆ భాషను జీతం కోసమే చెప్పాను.

పాటల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా కోపంలో సగం అక్కడిదే. నేను పదో తరగతిలో ఉండగా ఊళ్లో ప్లేగు వచ్చింది. దొరికిన రైలెక్కి జనం పారిపోయారు. మా కుటుంబం మూటలతో ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఉంటే, పక్క టీ కొట్టులో టేప్ రికార్డర్ మాత్రం మంచుకొండల్లో ఎవరో ఎవరికో చెప్పుకుంటున్న ప్రేమను గట్టిగా పాడుతూనే ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక పెద్దాయన ఆ పాటకు కాలు ఆడిస్తూ ఉన్నాడు. తర్వాత తాపీ నది ఊళ్లోకి వచ్చిన ఏడాది, నీళ్లు తీశాక నవరాత్రి గర్బా గాయకులు ఒక చరణంలో నది తల్లిని శాంతించమని అడిగి, మరుసటి చరణంలో మామూలుగా కృష్ణుడి దగ్గరికి వెళ్లిపోయారు. అప్పట్లో నాకు ఒళ్లు మండేది. మన మీద ఇంత జరుగుతుంటే వీళ్ల పాటలో మనం లేమేమిటి అనుకునేదాన్ని. ఇప్పుడు అనిపిస్తుంది, అదే మేలు. మనల్ని పట్టించుకోని పాట మన దగ్గర్నుంచి ఏమీ తీసుకుపోదు.

ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోవాలన్న ఆ లాక్‌డౌన్ వేసవిలో పాటలకు ఎక్కడలేని దయ పుట్టుకొచ్చింది. అప్పటిదాకా కార్ల మీద, కళ్లజోళ్ల మీద పాడిన కుర్ర గాయకులంతా తెల్ల చొక్కాలు తొడుక్కున్నారు. తమ తమ బాల్కనీల్లో పూలకుండీల పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, మనమంతా ఒక్కటే అని పాడారు. ఫోను తెరిస్తే అవే. ఆ పాటల్లో తప్పు చేసినవాడు ఒక్కడూ ఉండడు. కష్టం వానలాగా దానంతటదే వస్తుంది, దీపం వెలిగిస్తే దానంతటదే పోతుంది. చీకటి, ఉదయం, రెక్కలు, ఆశ, ఇవే మాటలు అటు తిప్పి ఇటు తిప్పి. అలాంటి పాట ఒకటి నా ఫోనులో మోగుతుండగానే అత్తమ్మ దగ్గర్నుంచి కబురు వచ్చింది. మామను లోపల పెట్టి గేటుకు తాళం వేశారని.

జరిగింది ఇది. పని ఆగిపోగానే షెడ్డులో ఉన్నవాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారని, మళ్లీ తిరిగి రారని షెడ్డు యజమాని సేఠ్‌కు భయం పట్టుకుంది. అందరూ షిఫ్టులో ఉండగానే బయట గేటుకు తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మీ మంచికేనని కాపలా మనిషితో చెప్పించాడు. లోపల నీళ్లున్నాయి, నేలమీద పడుకోవడానికి బట్టల తాన్లున్నాయి, అంతే. అత్తమ్మ రోజూ టిఫిను డబ్బా తీసుకెళ్లి గేటు కిందినుంచి లోపలికి తోసేది. మామ ఊచల అవతల నిలబడి ఆమె పెదాల వంక చూసేవాడు. కొన్నాళ్లకు జ్వరం వచ్చింది. ఆ తర్వాత ఊపిరి అందడం లేదని సైగ చేశాడు. అత్తమ్మ కాపలా మనిషి కాళ్లు పట్టుకుంది. "తాళంచెవి సేఠ్ దగ్గరుంది, నేనేం చేయను అక్కా," అన్నాడతను. అతని ముఖంలోనూ నెత్తురు లేదు. అతనే ఎన్నిసార్లు చేసినా సేఠ్ ఫోను స్విచాఫ్ అని వచ్చింది. చివరికి వీధి జనం రాళ్లతో తాళం పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది. మామ అంబులెన్సులోనే పోయాడు. ఆ కరోనా రోజుల్లో శవాన్ని ఇచ్చేవాళ్లు కాదు. ఎక్కడికి తీసుకెళ్లారో, ఎవరు కాల్చారో మాకు తెలియదు.

మా వాళ్లలో ఆడవాళ్లు పోయినవారి పక్కన కూర్చుని మాటలు కట్టి ఏడుస్తారు. ఉత్తి ఏడుపు కాదది. పోయిన మనిషి ఎలా బతికాడో, ఎవరి వల్ల పోయాడో, అన్నీ రాగం తీసి ఊరందరికీ వినిపించాలి. మనిషే ఎదురుగా లేకపోతే ఎవరి పక్కన కూర్చుని ఏడవాలి? మా అత్తమ్మ మరునాడు పొద్దున లేచి, తలకు నీళ్లు పోసుకుని, తిన్నగా షెడ్డు గేటు దగ్గరికి వెళ్లింది. పగిలిన తాళం ఇంకా గొలుసుకు వేలాడుతూనే ఉంది. ఆ తాళం ముందు కాళ్లు చాపుకుని కూర్చుని ఏడుపు ఎత్తుకుంది. తలుపు తియ్యరా, తలుపు తియ్యరా అని మొదలుపెట్టి, సేఠ్‌ను పేరు పెట్టి పిలిచి, వాడికి ఏమేం జరగాలో ఒక్కొక్కటే అడిగింది. సగం చెవుడున్న మనిషికి వినిపించడానికి పెంచిన గొంతు కదా, ఆ వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే అన్నం పొట్లాలు పంచుతూ వచ్చిన ఒక అమ్మాయి ఫోనులో ఆ ఏడుపును తీసుకుంది. చెడ్డ పిల్ల కాదు. కళ్లు తుడుచుకుంటూనే తీసింది. ఆ వీడియో చేతులు మారి ఎక్కడెక్కడికో వెళ్లింది.

వర్షాలు మొదలై పెళ్లిళ్లకు మళ్లీ అనుమతి వచ్చాక, మా బంధువుల పెళ్లిలో డీజే ఒక కొత్త పాట వేశాడు. పిల్లలంతా ఎగురుతున్నారు. హిందీలో ఒక కుర్రాడు రాత్రి పోతుంది, పొద్దు వస్తుంది, నీ కోసం వస్తాను అని పాడుతున్నాడు. ఆ మాటల మధ్య, డప్పులాంటి దరువు మీద, ఒక ఆడగొంతు "తలుపు తియ్యరా... తలుపు తియ్యరా" అని మళ్లీ మళ్లీ పలుకుతోంది. వెనక ఆ ఏడుపు రాగమే సన్నగా సాగుతోంది. పప్పు వడ్డించుకుంటున్న అత్తమ్మ గరిటె అక్కడే వదిలేసింది. "అది నా ఏడుపు గాదే?" అంది నాతో. నేను కాదని చెప్పాలనుకున్నాను. ఎలా చెబుతాను? ఆ గొంతు ఇంకెవరికీ లేదు. ఆమె ఎగురుతున్న పిల్లల వంక కాసేపు చూసింది. పెళ్లికూతురు కూడా ఎగురుతోంది. "గిట్ల ఎగురుతున్నరేందే, నా మనిషి సచ్చినందుకు?" అంది. పెళ్లిలో గొడవ చేయకూడదని చేయి కడుక్కుని వచ్చేశాం.

మామ పోయాక అత్తమ్మ నా దగ్గరే ఉంటోంది. ఇంటికొచ్చి ఆ పాటను వెతికి చూశాను. బొంబాయి కుర్ర గాయకుడు. బాల్కనీ, తెల్ల చొక్కా, పూలకుండీ, అన్నీ ఉన్నాయి. దేశానికి ఆశనిచ్చిన పాట అని కింద జనం హృదయం బొమ్మలు పెట్టారు. పాడిందెవరో రాసిన చోట అతని పేరు, దరువు వేసినవాళ్ల పేర్లు ఉన్నాయి. ఆ ఆడగొంతు దగ్గర మాత్రం "జానపదం" అని రాసుంది. అతని ఆఫీసుకు ఈ-మెయిలు పెట్టాను. ఇది సంప్రదాయ గీతమని మా నమ్మకం, మీ ఆసక్తికి ధన్యవాదాలు అని మర్యాదగా జవాబు వచ్చింది. జానపదమంటే ఏమిటని అత్తమ్మ అడిగింది. ఎవరు కట్టారో తెలియని పాట అన్నాను. "ఎవలు కట్టిండ్రో తెల్వకపోతె అడగాలె గదా. నేను గీడనే ఉన్న గదా," అంది. కేసు వేస్తే ఏమైనా వస్తుందేమోనని తెలిసినవాళ్లు కొందరు సలహా ఇచ్చారు. ఆమె వాళ్ల మీద చీపురు తిరగేసినంత పని చేసింది. ఆమె బాధ వేరు. ఆ పాటలో పిలుపు మాత్రం ఉంచి, తిట్టంతా కోసేశారు. వాడి పేరు లేదు, తాళం లేదు, మామ లేడు. "తిట్టు సగం కోస్తె తగలదే. ఎవల్ని తిట్టిన్నో ఆని చెవుల పడాలె. నా తిట్టు నాకు తెచ్చియ్యి, నాకింకేం వద్దు," అంది. గుజరాతీ పంతులమ్మను నేను, ఎక్కడినుంచి తెచ్చేది?

ఆ తర్వాత రెండు మూడేళ్లు ఆ పాట మమ్మల్ని వదల్లేదు. ఆటోల్లో, మొబైలు దుకాణాల్లో, లోచో టిఫిను బండి దగ్గర, నవరాత్రికి గర్బా దరువులో. మా బడి వార్షికోత్సవంలో పిల్లలు సీతాకోకచిలుకల రెక్కలు కట్టుకుని దానికి నాట్యం చేశారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది. చరిచిన ప్రతిసారీ ఆ కుర్ర గాయకుడి చెంప ఊహించుకున్నాను. కొంత ఉపశమనం కలిగింది. చివరికి మా వీధి చెత్తబండి డ్రైవరు కూడా తన పెన్‌డ్రైవ్‌లో ఆ పాటే పెట్టుకున్నాడు. తలుపు తియ్యమనే పాట కాబట్టి జనం త్వరగా బయటికొస్తున్నారని అతని వాదన. అత్తమ్మ రోజూ తన ఏడుపు విని, బకెట్ పట్టుకుని బయటికెళ్లేది.

సూరత్‌లో నవరాత్రి, బతుకమ్మ ఒకేసారి వస్తాయి. మైదానం గోడకు అటు గర్బా, ఇటు మేము. తంగేడు, గునుగు పూలు ఇక్కడ దొరకవు కాబట్టి ఊళ్లనుంచి ప్రైవేటు బస్సుల్లో గోనెల్లో వస్తాయి. వాడిపోయినా సరే, వాటితోనే పేరుస్తాం. గుజరాతీ అతిథులు వస్తే మా మాటలు వాళ్లకు, వాళ్ల మాటలు మాకు మైకులో చెప్పే పని ఏటా నాదే. కిందటేడు సద్దుల బతుకమ్మకు టెంటు, మైకు ఇచ్చిన దాత ముఖ్య అతిథిగా వచ్చాడు. ఎవరో కాదు, ఆ సేఠే. మా సంఘం పెద్దలకు అంతా తెలుసు. కానీ సగం ఇళ్లలో మగవాళ్లు అతని సాంచల మీదే ఉన్నారు, ఎవరు వద్దంటారు? తెల్లబట్టలు, నుదుట తిలకం, వేదిక మీద మెత్తటి కుర్చీ. నేను మైకు సర్దుతుండగా అతని ఫోను మోగింది. "తలుపు తియ్యరా... తలుపు తియ్యరా." నేను అతని జేబు వంక చూశాను. నా చూపు గమనించి సంతోషంగా నవ్వాడు. "ఈ పాట పాడినామె మీ వీధిలోనే ఉంటుందట కదా, బెన్? ఆ కష్టకాలంలో నన్ను నిలబెట్టిన పాట ఇది. ఇవాళ ఆమె నోట వినాలి," అన్నాడు. బెన్ అంటే గుజరాతీలో అక్క. ఆమె ఎవరి భార్యో అతనికి తెలియదు. పోయిన మనిషి పేరు అప్పుడైనా అడిగాడో లేదో.

వేదిక కింద నిలబడ్డ అత్తమ్మ "ఏమంటుండు?" అని అడిగింది. చెప్పాను. నీ పాట అతన్ని నిలబెట్టిందట, నీ నోట వినాలంటున్నాడని. ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. "అట్లనా? అయితె జర మొత్తం ఇనమను," అంది. భర్త పోయినామె పాట ఎత్తుకోవడమేమిటని ఒకరిద్దరు పెద్దమనుషులు గొణిగారు. గొణుగుడు మా అత్తమ్మకు ఎప్పుడూ వినపడదు.

బతుకమ్మ ఆటలో ఒక నియమం ఉంది. ఒకామె పాట ఎత్తుకుంటే, చుట్టూ తిరుగుతున్నవాళ్లంతా ప్రతి మాటా అందుకోవాలి. ఎత్తుకున్న మాటను అందుకోకుండా కింద పడేస్తే వీధికి కీడని మా వాళ్ల నమ్మకం. పాట ఏదైనా సరే, పాడేదెవరైనా సరే. అత్తమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. "తాళమేసినోడ ఉయ్యాలో, తలుపు తియ్యకపోతివి ఉయ్యాలో" అంది. ఆడవాళ్లు అలవాటుగా అందుకున్నారు. "నా మనిషికి గాలి ఉయ్యాలో, అందకుంట జేస్తివి ఉయ్యాలో." అప్పటికి అందరికీ అర్థమైంది. తర్వాతి మాటలో ఆమె సేఠ్ పేరును, వెనక భాయ్ తగిలించి మరీ, నిండుగా పలికింది. ఆ పేరు నేనిక్కడ రాయను. చప్పట్లు ఒక్క క్షణం తడబడ్డాయి. తిరిగేవాళ్లలో ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్కరి కొలువు అతని చేతిలో ఉంది. మాట కింద పడిపోతుందేమో, అత్తమ్మ మళ్లీ ఒంటరిగా ఆ తాళం ముందు కూర్చున్నట్టే అవుతుందేమో అనుకున్నాను. అప్పుడు ఒక గొంతు ఆ పేరును అందుకుంది. కాపలా మనిషి భార్య. ఆమె అందుకున్నాక మిగతావాళ్లు ఆగలేదు.

"నీ ఇంటి కిటికీల ఉయ్యాలో, గాలి సొరకపోవాలె ఉయ్యాలో. నువ్వు పిలిచిన్నాడు ఉయ్యాలో, ఎవ్వలు పలుకొద్దు ఉయ్యాలో. నువ్వు తలుపు గొట్టంగ ఉయ్యాలో, తాళంచెవి దొరకొద్దు ఉయ్యాలో." మైదానమంతా ఆ మాటలు తిరిగాయి. గోడ అవతల గర్బా డీజే కూడా వినపడలేదు. సేఠ్ మాత్రం తాళం తప్పకుండా చప్పట్లు కొడుతూనే ఉన్నాడు. తన పేరు వినపడినప్పుడల్లా లేచి నమస్కారం పెడుతున్నాడు. అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు మరి. పొగుడుతున్నారనుకున్నాడు. ఆట ఆగింది. చాలా బాగుందని "బహు సరస్, బహు సరస్," అన్నాడు. అత్తమ్మ చెమట తుడుచుకుంటూ అతని నవ్వును చూసింది. ఇంత పాడినా ఆ తిట్టు వాడి చెవి బయటే నిలబడి ఉంది. సేఠ్ నావైపు తిరిగి, మైకు అందరికీ వినపడేలా పట్టుకుని, "బెన్, నా గురించి ఏం పాడారో చెప్పండి," అన్నాడు. అత్తమ్మ నన్ను చూసింది. "చెప్పు బిడ్డా. గా కొలువు ఎందుకున్నదో ఇయ్యాల తెలుస్తది," అంది.

చెప్పాను. బడిలో పిల్లలకు డిక్టేషను చెప్పే తీరులో, తొందర లేకుండా, ఒక్క ఒత్తు జారకుండా చెప్పాను. గేటు గురించి, తాళం గురించి, స్విచాఫ్ అయిన ఫోను గురించి, మా మామ పేరుతో సహా చెప్పాను. కిటికీల మాట వచ్చినప్పుడు రెండుసార్లు చెప్పాను, వెనక ఉన్నవాళ్లకు వినపడలేదేమోనని. ఇన్నేళ్లలో నేను అంత మంచి గుజరాతీ ఎప్పుడూ మాట్లాడలేదు. అతని నవ్వు ఒక్కసారిగా పోలేదు. మొదట ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందన్నట్టు చూశాడు, తర్వాత మా సంఘం పెద్దల వంక చూశాడు. వాళ్లు పూల వంక చూస్తున్నారు. అంతలో అతని జేబులో ఫోను మోగింది. "తలుపు తియ్యరా..." అంది అత్తమ్మ గొంతు. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లు, ఎత్తుకున్న మాట కింద పడకూడదన్న అలవాటు కొద్దీ, ఒక్క గొంతుతో "ఉయ్యాలో" అన్నారు. అతను తడుముకుంటున్నాడు, ఫోను దొరకడం లేదు. "తలుపు తియ్యరా..." "ఉయ్యాలో." ఫోను ఆపకుండానే మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుని, జనం దారి ఇస్తే వెళ్లిపోయాడు. దారి ఇచ్చారు, కొంచెం నెమ్మదిగా.

అతను ఎవరి కొలువూ తీయలేకపోయాడు. ఆ వేసవి తర్వాత సాంచలు నడిపే మనుషులు దొరకడమే కష్టంగా ఉంది, పైగా తీస్తే ఎందుకు తీశాడో బజారులో చెప్పుకోవాలి. మర్నాడు అతని మేనేజరు మా ఇంటికి వచ్చాడు. మైదానంలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరుగుతోందట, దాన్ని తీసేయించమని బతిమాలాడు. అత్తమ్మ అతనికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. "నేనేం జేత్తు బిడ్డా, తాళంచెవి నా తాన లేదు. సేఠ్ తాననే ఉన్నది," అంది. మీవాళ్లతో ఒక్కసారి ఫోనులో మాట్లాడమని అడిగాడు. "మా ఫోన్లన్నీ స్విచాఫ్," అంది, చేతిలో ఫోను పట్టుకునే.

ఆ వీడియోలోంచి పాటను నేనే మా చెత్తబండి డ్రైవరు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ముందు ఉన్న బొంబాయి పాటను నా చేత్తోనే తుడిచేశాను. ఆశ, ఉదయం, రెక్కలు, అన్నీ పోయాయి. ఆ కుర్ర గాయకుడిని ఇప్పుడు ఎవరూ తలుచుకోవడం లేదు. ఈ మధ్య ఏదో నీటి ఎద్దడి గురించి తెల్ల చొక్కాలో పాడుతున్నాడట. అతని పాట చెత్తబండి దాకా దిగివచ్చింది, అక్కడినుంచి కూడా దింపేశాం. మా డ్రైవరు కొత్త పాట విని దరువు బాగుందన్నాడు. అతని బావమరిది డుమస్ రోడ్డు వైపు బంగళాల వీధిలో బండి నడుపుతాడు. అతనికీ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఆ వీధిలో ఎవరికీ తెలుగు రాదు. పాట బాగుందని పనివాళ్లు గేటు దగ్గర కాలు కదుపుతారట. అర్థం తెలిసిన మనిషి ఆ వీధి మొత్తంలో ఒక్కడే. అర్థం చెప్పింది నేనే కాబట్టి, ఒక్క ముక్క కూడా అతను మరిచిపోయే వీలు లేదు.

ఇదివరకు ఆ సేఠ్ పొద్దున్నే వరండాలో గాలికి కూర్చుని టీ తాగేవాడట. ఇప్పుడు బండి మలుపు తిరగ్గానే ఆ బంగళాలో ఒక్కొక్క కిటికీ మూసుకుంటుందని, ఎండాకాలంలో కూడా అంతేనని, బావమరిది మా డ్రైవరుకు చెప్పాడు. నేను ఆ మాట అత్తమ్మకు చేరవేశాను. ఆమె లేసు కుట్టడం ఆపింది. "అన్ని కిటికీలా?" అని అడిగింది. అన్నీనట అన్నాను. "గాలి సొరకుంట మూసుకుంటున్నడా?" అంది. అవునన్నాను. ఆ పూట ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుంది. కాలం గడిస్తే కోపం చల్లారుతుందని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. మా వీధిలో కాలం రోజూ పొద్దున చెత్తబండి వెనకే వస్తుంది, వాడేసినవన్నీ తీసుకుపోతుంది. అత్తమ్మ బకెట్ అడుగుదాకా దులిపి ఇస్తుంది. ఆ ఒక్కటి మాత్రం అందులో వేయదు.